చెంచాడు తోడు

2025 అక్టోబరు 14వ తేదీన మన ఇళ్లలో ఉన్న కంప్యూటర్లు చాలావాటికి ఒక్కరోజులో ముసలితనం వచ్చేసింది. మర్నాడు బటన్ నొక్కితే మామూలుగానే వెలిగాయి, పాటలు పాడాయి, పిల్లల పుట్టినరోజు ఫోటోలు చూపించాయి. అయినా సరే, ముసలివేనట! విండోస్ 10కి మైక్రోసాఫ్టు వారు అప్పటిదాకా ఉచితంగా చేస్తూ వచ్చిన మరమ్మతులు ఆ రోజుతో ఆగిపోయాయి. అడిగినవారికి మరో ఏడాది గడువిస్తామన్నారు లెండి, అది వేరే సంగతి. పోనీ పదకొండో విండోస్‌కి మారదామా అంటే, దానికి టీపీఎం అనే భద్రతా చిప్పు ఒకటి ఉండాలట, అందులోనూ 2.0 రకమే ఉండాలట, ప్రాసెసరేమో ఇంచుమించు 2018కి ఇవతలదై ఉండాలట. మా ఇంట్లో బీరువా మీద కూర్చున్న ల్యాప్‌టాప్ 2014లో కొన్నది. రెండింటికీ జాతకాలు కలవలేదు.

సికిందరాబాదులో ఇలాంటి చిక్కు వస్తే ఎవరైనా వెళ్లేది పార్క్‌లేన్‌కే. చీరలకి జనరల్ బజారు ఎలాగో, కంప్యూటర్లకి చెనాయ్ ట్రేడ్ సెంటర్ అలాగ. ఆ పూర్తి పేరు ఎవరూ వాడరు, సీటీసీ అంటేనే ఆటో అతనికి తెలుస్తుంది. లోపల ఎటు చూసినా వైర్లు, డబ్బాలు, కీబోర్డులు, సంచీ భుజాన వేసుకుని బేరాలాడే కాలేజీ పిల్లలు. నాకు ఆ సందడి ఇష్టం. అక్కడ ఒక కొట్టులో కుర్రాడు మా ల్యాప్‌టాప్‌ని, పాత పేపర్లు కొనే అతను కట్టని చేత్తో ఎత్తి బరువు చూసినట్టు చూసి, "ఆంటీ, ఇది ఇంక ఎందుకూ పనికిరాదు. కొత్తది తీసుకోండి, దీనికి ఎంతో కొంత తగ్గిస్తా" అన్నాడు. అతని వ్యాపారం అతనిది. నేను మాత్రం దాన్ని మళ్లీ సంచీలో పెట్టుకుని ఇంటికి తెచ్చేశాను. దాన్ని ఎవరికివ్వాలో అప్పటికే అనుకుని ఉన్నాను మరి.

మా ఇంట్లో పని చేసే ఆవిడ కూతురు బీకాం కంప్యూటర్స్‌లో చేరింది. చదువు పేరులో కంప్యూటర్స్ ఉన్నాయి గానీ, ఇంట్లో ఉన్నది తల్లీకూతుళ్లిద్దరికీ కలిపి ఒక్క ఫోను. అసైన్‌మెంట్లన్నీ ఆ అరచేతి తెర మీదే బొటనవేళ్లతో కొట్టుకుంటుంది. కాలేజీ ల్యాబులో వారానికి రెండు పీరియడ్లు దొరికితే గొప్ప. అక్కడ చెప్పింది ఇంటికొచ్చి మరోసారి చేసి చూసుకునే వీల్లేదు. వంట చూసి నేర్చుకో, పొయ్యి మాత్రం ముట్టుకోకు అన్నట్టుంటుంది ఆ వరస.

ల్యాప్‌టాప్ ఇస్తానంటే పిల్ల మొహం వెలిగిపోయింది. తల్లి మొహం వెలగలేదు. ఎవరో సీనియర్ కుర్రాడు అప్పటికే పిల్లకి చెప్పాడట, పాత మిషను దొరికితే చాలు, ఐదువందలిస్తే అందులో అన్నీ అడ్డదారిన వేసి ఇచ్చేవాళ్లున్నారని. అడ్డదారి అంటే ఏమిటని ఈవిడ అడిగింది. దొంగకాపీ అని పిల్ల దాపరికం లేకుండా చెప్పేసింది. అక్కడ వచ్చింది పేచీ.

"నాలుగిండ్లల్ల పని జేసేదాన్నమ్మా. ఏ ఇంట్ల చెంచా కనబడకపోయినా ముందుగాల నా దిక్కే జూస్తరు. దొంగ అన్న మాట మా ఇంట్ల ఇనబడొద్దు. దొంగదైతే ఆ మిషిని మాకొద్దు" అంది ఖండితంగా.

ఈ ప్రశ్న ఇంత సూటిగా మన మధ్యతరగతి ఇళ్లల్లో ఎవరైనా వేశారా అని ఆ రాత్రి చాలాసేపు ఆలోచించాను. ఇరవై, పాతికేళ్ల కిందట కంప్యూటరు కొంటే 'అన్నీ వేసి' ఇచ్చేవాళ్లు. అందులో ఏది కొన్నదో, ఏది కాపీయో కొన్నవాళ్లు అడిగేవారు కాదు, అమ్మినవాళ్లు చెప్పేవారు కాదు. పైగా అది పిల్లాడి చదువుకోసం కదా అని సమాధానం. నాలుగిళ్లల్లో చాకిరీ చేసే మనిషికి ఆ సమాధానం సరిపోదు. ఆవిడకు మంచిపేరే జీతం, మంచిపేరే పింఛను కూడా.

మా చెల్లెలి కొడుకు ఇంజనీరింగ్ మూడో ఏడు చదువుతున్నాడు. ఆదివారం భోజనానికి వచ్చినప్పుడు వాడి చెవిన వేశాను ఈ గొడవంతా. ముద్ద నోట్లో ఉండగానే, "పెద్దమ్మా, పెన్‌డ్రైవ్ ఉందా? నాలుగు జీబీది చాలు" అన్నాడు.

"ఏం చేస్తావురా?"

"లినక్సు వేస్తా. డబ్బు కట్టక్కర్లేదు. దొంగతనం అసలే కాదు. ఆ అమ్మాయి కావాలంటే వాళ్ల క్లాసందరికీ కాపీ చేసి ఇచ్చుకోవచ్చు."

"ఊరికే ఎవరిస్తారురా ఈ రోజుల్లో? ఏదో మెలిక ఉంటుంది."

"ఉంది పెద్దమ్మా. ఇంకొకళ్లకి ఇచ్చేటప్పుడు, నీకు ఏ హక్కులు వచ్చాయో అవన్నీ వాళ్లకీ ఇవ్వాలి. అదే మెలిక."

వాడి మాటల్ని నా వంటింటి భాషలోకి నేను మార్చుకున్నాను. పాలు తోడు పెట్టే వేళకి ఇంట్లో పెరుగుచుక్క లేదని పక్కింటికి గిన్నె పంపని ఇల్లాలుందా? వాళ్లు చెంచాడు ఇస్తారు. తెల్లారేసరికి మన గిన్నె నిండా పెరుగు. వాళ్ల గిన్నెలో తరిగిందేమీ లేదు. రేపు వాళ్లది మరీ పుల్లబడిపోతే మన దగ్గర్నుంచే చెంచాడు పట్టుకెళ్తారు. ఆ తోడు మొదట ఏ ఇంట్లోదో, ఎన్ని వీధులు తిరిగి మన దాకా వచ్చిందో ఎవరికీ తెలియదు. ఇప్పుడు ఎవరో పెద్దమనిషి వచ్చి, "ఈ పెరుగు తినండి, కానీ దీంతో తోడు పెట్టకూడదు, పక్కింటికి ఇవ్వకూడదు, ఇచ్చారా, దొంగలు" అన్నాడనుకోండి. మనమైతే నవ్వుతాం. కంప్యూటర్ల లోకంలో మాత్రం ఆ మాటే చట్టం.

ఆ చట్టాన్ని చట్టంతోనే తిప్పికొట్టిన మనిషి రిచర్డ్ స్టాల్‌మన్. అమెరికాలో ఎం.ఐ.టి. ప్రయోగశాలలో పని చేసేవాడు. అక్కడి పాత ప్రింటరులో కాగితం ఇరుక్కుంటే, ఆ సంగతి అందరి కంప్యూటర్లకీ కబురు వెళ్లేలా ప్రోగ్రాము తనే సరిచేసి పెట్టుకున్నాడు. 1980 ప్రాంతంలో జిరాక్సు వారి కొత్త లేజరు ప్రింటరు వచ్చింది. దానికీ అలాగే చేద్దామంటే ప్రోగ్రాము అసలు రాత ఎవరూ ఇవ్వలేదు. ఉన్నాయన, ఎవరికీ చూపించనని సంతకం పెట్టేశానన్నాడట. ఇరుక్కున్న కాగితం కంటే ఆ సంతకమే స్టాల్‌మన్‌ని ఎక్కువ బాధపెట్టింది. 1983 సెప్టెంబరులో, అందరూ వాడుకోవడానికీ, మార్చుకోవడానికీ, పంచుకోవడానికీ వీలైన వ్యవస్థ ఒకటి తయారుచేస్తానని ప్రకటించి, దానికి గ్నూ అని పేరు పెట్టాడు. మా వాడు చెప్పిన మెలికను 1989లో జీపీఎల్ అనే లైసెన్సుగా రాసిపెట్టాడు. ఆయన చెప్పే ప్రతి మాటా నాకు నచ్చుతుందని అనను గానీ, కాగితం ఇరుక్కుంటే ప్రపంచానికి కొత్త చట్టం రాసిన మనిషిని మెచ్చుకోకుండా ఎలా ఉంటాం?

ఇంత చేసినా గ్నూకి గుండెకాయ లాంటి భాగం ఒకటి కుదరలేదు. అది ఫిన్లండునుంచి వచ్చింది. 1991లో హెల్సింకి విశ్వవిద్యాలయం విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్, ఇరవై ఒక్క ఏళ్లవాడు, వాయిదాల మీద కొనుక్కున్న కంప్యూటరు ముందు కూర్చుని ఆ గుండెకాయ రాశాడు. ఆగస్టులో నలుగురికీ చెప్పాడు. మర్నాటి ఏడు దాన్ని స్టాల్‌మన్ లైసెన్సు కిందికి తెచ్చాడు. దానికి ఫ్రీక్స్ అని పేరు పెట్టుకుందామనుకున్నాడట, దాన్ని నలుగురికీ అందేచోట ఉంచిన స్నేహితుడికి ఆ పేరు నచ్చక లినక్సు అని పెట్టేశాడు. స్నేహితులు ఎందుకుంటారు మరి!

ఇక్కణ్ణించి తోడు చేతులు మారడం చూడండి. 1993లో అమెరికాలో ఇయాన్ మర్డాక్ అనే విద్యార్థి, లినక్సు చుట్టూ కావలసిన సరంజామా అంతా కూర్చి డెబియన్ అన్నాడు. అది తన ప్రియురాలు డెబ్రా పేరూ తన పేరూ కలిపి కుట్టిన పేరు. ఆడపేరు ముందు, మగపేరు వెనక, గమనించారా? డెబియన్‌నుంచి చెంచాడు తీసుకుని 2004లో ఉబుంటు వచ్చింది. 2011 దాకా ఉబుంటు వారు అడిగినవాళ్ల ఇంటికి సీడీలు పోస్టులో పంపేవారు, తపాలా ఖర్చు కూడా వాళ్లదే. ఉబుంటునుంచి చెంచాడు తీసుకుని 2006లో లినక్సు మింట్ వచ్చింది. మా వాడు పెన్‌డ్రైవ్‌లో తెచ్చింది ఈ మింట్‌నే. దాని ఒక్కో విడుదలకీ ఒక్కో ఆడపేరు పెడతారు, అన్నీ 'అ'కారంతో ముగుస్తాయి. 2012లో వచ్చింది మాయ, 2018లో తార, 2021లో ఉమ! మన ఉమాదేవి మీద భక్తి అనుకోకండి, అక్షరాల వరసలో 'యు' వంతు వచ్చిందంతే. అయినా నాకు సంతోషమే.

ఈ మొత్తం వరసలో నాకు ఇష్టమైన కుర్రాడు మాత్రం ఆండ్రూ ట్రిడ్జెల్. కాన్‌బెరాలోని ఆస్ట్రేలియా జాతీయ విశ్వవిద్యాలయంలో పరిశోధన విద్యార్థి. అప్పట్లో ఒక జాతి కంప్యూటరులోని ఫైలు ఇంకో జాతి కంప్యూటరుకి కనబడేది కాదు. ఎడమొహం, పెడమొహం. కొత్త కోడలు అత్తవారింటి మాట తీరుని గమనించి గమనించి పట్టుకున్నట్టు, ఇతను యంత్రాల మధ్య తిరిగే సందేశాలను గమనించి, వాటి భాష పట్టుకుని, 1992 నాటికి ఒక ప్రోగ్రాము రాసి ఊరికే పంచిపెట్టాడు. తర్వాత పేరు దగ్గర ఇంకో కంపెనీ అభ్యంతరం చెప్పింది. ఆ భాష పేరులోని ఎస్, ఎం, బి అక్షరాలు అదే వరసలో ఉన్న మాటల కోసం కంప్యూటరు నిఘంటువు వెతికితే దొరికింది 'సాంబ'. మనవాళ్లకైతే సాంబశివుడు గుర్తొస్తాడు. కాలేజీ ల్యాబుల్లో, ఆఫీసుల్లో విండోస్ కంప్యూటరూ లినక్సు కంప్యూటరూ ఒకే ఫైళ్ల అలమార వాడుకుంటున్నాయంటే, వెనకాల ఈ సాంబ ఉన్నాడన్నమాట.

ఇంతకీ ఈ ఆపరేటింగ్ సిస్టమ్ అంటే ఏమిటని అడిగేవాళ్లకి నేను చెప్పే జవాబు, అది ఇంట్లో ఇల్లాలు. ఏ వస్తువు ఎక్కడుందో, ఎవరికి ఎప్పుడు ఏం పెట్టాలో దానికే తెలుసు. అది పడకేస్తే ఎవరికీ ఏదీ దొరకదు. "ఇల్లాలు ఎలాగూ ఉచితమే కదా, ఇందులో కొత్తేముంది?" అన్నారు మావారు పేపరు చాటునుంచి. ఉచితం వేరు, స్వేచ్ఛ వేరు. ఇంగ్లీషులో ఆ రెంటికీ 'ఫ్రీ' అని ఒకటే మాట కావడంతో పాపం స్టాల్‌మన్ జీవితమంతా ఆ తేడా వివరించడంతోనే సరిపోయింది. మన భాషలో ఆ ఇబ్బంది లేదు. మన హైదరాబాదులో 2005లో ఈ పని కోసం పుట్టిన సంఘం హాయిగా 'స్వేచ్ఛ' అనే పేరు పెట్టుకుంది. తెలుగులో పలకరించే లినక్సు వాళ్లు తయారుచేశారు, పిల్లల కోసం బాల స్వేచ్ఛ అని మరొకటి. ఇంజనీరింగ్ కాలేజీల్లో వీళ్ల విద్యార్థి బృందాలున్నాయి. పక్కన కేరళలోనైతే 2001లో మొదలైన ఐటీ ఎట్ స్కూల్ పథకం, ఇప్పటి కైట్ సంస్థ, ప్రభుత్వ బడి పిల్లల కంప్యూటరు పాఠాన్ని లినక్సు మీదికే మార్చేశాయి. అక్కడి పిల్లలకు ఇది వింత కాదు, పలకాబలపం లాంటిది.

మళ్లీ మా ల్యాప్‌టాప్ దగ్గరికి. ముందుగా అందులోని ఫోటోలు, కాగితాలు అన్నీ వేరేచోట దాచుకున్నాం. ఇది మాత్రం మీరెవరైనా చేయదలిస్తే మరవకండి, కొత్తది దిగేటప్పుడు పాతదంతా తుడిచిపెట్టేస్తుంది. తర్వాత పెన్‌డ్రైవ్ పెట్టి, మిషను వెలిగిస్తూ ఏదో మీట నొక్కాడు మా వాడు. విచిత్రం ఏమిటంటే, లోపల వేయకుండానే ఆ పెన్‌డ్రైవ్ మీదే మొత్తం నడిపి చూసుకోవచ్చు. అద్దె ఇల్లు చూడడానికి వెళ్లి, కుళాయి తిప్పి, కిటికీలు తీసి, నచ్చితేనే అడ్వాన్సు ఇచ్చినట్టు. నచ్చింది. అరగంటలో పని అయింది. నాలుగు జీబీల మెమొరీతో నీరసంగా పడి ఉన్న ముసలమ్మ లేచి కూర్చుంది. రాతపనికీ, లెక్కల పట్టికలకీ లిబ్రాఫీసు అందులోనే ఉంది.

పిల్ల మొదట అడిగింది తెలుగు. తెలుగు కీబోర్డుల్లో ఆర్.టి.ఎస్. అని ఒకటుంటుంది. ఇంగ్లీషు అక్షరాలు కొడితే తెలుగు పడే పద్ధతి. అది 1990లలో హ్యూస్టన్‌లోని రైస్ విశ్వవిద్యాలయంలో చదువుకునే తెలుగు విద్యార్థుల చేతి చలవ, ఆ పేరులో మొదటి అక్షరం ఆ బడిదే. అంత దూరాన ఇంటి బెంగతో ఉన్న పిల్లలు చేసి పంచిపెట్టింది, ఇంతకాలానికి సికిందరాబాదులో ఒక బీకాం పిల్ల వేళ్ల కిందికి వచ్చింది. అచ్చు అక్షరాల పేర్లు కూడా చూడముచ్చటగా ఉన్నాయి. గురజాడ, గిడుగు, తిమ్మన, పెద్దన, ధూర్జటి. అన్నీ ఎవరైనా దింపుకుని వాడుకోవచ్చు, పంచుకోవచ్చు. పిల్ల ఐదారు మార్చి చూసి, గిడుగులో తల్లి పేరు పెద్దక్షరాలతో కొట్టింది. ఆవిడ చేతులు తుడుచుకుని వచ్చి, తెరను ముట్టుకోకుండా ఒక్కో అక్షరం మీదా గాలిలో వేలు నడిపి చదువుకుంది.

"ఇది కొన్నదా అమ్మా?" అంది.

"కొన్నది కాదు. దొంగదీ కాదు. తోడు అడిగి తెచ్చుకున్నామనుకో" అన్నాను.

"గట్లయితె మంచిదే" అంది. అంతకు మించి ఆ మహాతల్లికి ఉపన్యాసం అక్కర్లేకపోయింది. నేను పైన ఇంత రాశాను.

అంతా నల్లేరు మీద బండి నడక అని చెబితే అబద్ధమవుతుంది. బీకాం అంటే టాలీ. ఆ టాలీ విండోస్ కోసం తయారైనది, లినక్సులో సూటిగా నడవదు. అందుకని ఆ ఒక్క పాఠం పిల్ల కాలేజీ ల్యాబులోనే చేసుకుంటోంది. నన్నడిగితే ఇది పిల్ల తప్పూ కాదు, లినక్సు తప్పూ కాదు. ఒకే కంపెనీ వస్తువును పాఠ్యప్రణాళికలో పెట్టి, అది కొనలేని పిల్లలకు కూడా అదే పరీక్ష పెట్టడంలో ఉంది కిటుకు. లెక్కల సూత్రం నేర్పండి, ఫలానా కంపెనీ బొత్తం నేర్పకండి అని ఎవరైనా అడగాలి. మా పాత ప్రింటరు రెండు రోజులు మొరాయించి, మూడో రోజు పలికింది. వర్డులో చేసి పంపిన అసైన్‌మెంటు ఇక్కడ తెరిస్తే అక్కడక్కడ వరసలు జరుగుతాయి. పిల్ల ఇప్పుడు పీడీఎఫ్ చేసి పంపడం అలవాటు చేసుకుంది.

బాగా కలిసివచ్చింది మాత్రం ఫైళ్లు ఇచ్చిపుచ్చుకోవడం. ఇదివరకు నోట్సు కోసం ఒకళ్ల పెన్‌డ్రైవ్ ఇంకొకళ్ల మిషనులో పెట్టి, నోట్సుతోపాటు వైరసు కూడా తెచ్చుకునేవాళ్లట. మింట్‌లో వార్పినేటర్ అని ఒకటి ఉంది, 2020నుంచి దానితోనే వస్తోంది. రెండు ల్యాప్‌టాప్‌లూ ఒకే వైఫై కింద ఉంటే చాలు, ఒకదాన్నుంచి ఇంకోదానికి ఫైలు పంపవచ్చు. వైఫై లేకపోతే ఎవరో ఒకరి ఫోను హాట్‌స్పాట్ పెడతారు. ఫైలు గదిలోంచి గదిలోకే కనుక డేటా ఖర్చవదు. రీచార్జి లెక్కలు వేళ్ల మీద వేసుకునే పిల్లలకు అది చిన్న విషయం కాదు. అయితే, పంపే సాధనం స్వేచ్ఛదైనంత మాత్రాన పంపేవన్నీ స్వేచ్ఛవి కావు. కొత్త సినిమా పంచితే అది పాత దొంగతనమే. ఆ సంగతి పిల్లకి నేను చెప్పబోతే, "మా అమ్మ ముందే చెప్పింది ఆంటీ" అంది.

ఇప్పుడు క్లాసులో ఇద్దరు ముగ్గురు ఈ పిల్లను పట్టుకున్నారు, అందరిదీ అన్నయ్యలో, మేనమామలో వదిలేసిన పాత మిషన్లే. మొదటిది మా చెల్లెలి కొడుకుని ఫోనులో పక్కన పెట్టుకుని వేసింది. రెండోది ఎవర్నీ అడక్కుండా వేసింది. నా పెన్‌డ్రైవ్ తిరిగి రాలేదు. చిలకలగూడలో ఒకింట్లో ఉందని, అక్కణ్ణించి సీతాఫల్‌మండి వెళ్తుందని మాత్రం కబురు తెలిసింది. కొత్తది కొనుక్కోవడానికి రేపు పార్క్‌లేన్ వెళ్తున్నాను, మావారు రెండు తెమ్మన్నారు.